కాళ్లు బిగుసుకుపోతే వాతమేనా?

కర్నూలు, కడప ప్రాంతాల మెట్ట గ్రామాల్లో నడివయసు మనిషి కర్ర పట్టుకుని కాళ్లు ఈడుస్తూ నడిస్తే "వాతం" అని సరిపెట్టుకోవడం అలవాటు. తైలాలు రాస్తారు, పసరు తాగిస్తారు. ఈలోగా ఏడాది గడచిపోతుంది. వీరిలో కొందరి జబ్బు కాళ్లలో లేదు. వీపు పైభాగంలో వెన్నుపాము నొక్కుకుపోవడంలో వుంది.

వెన్నెముక క్షయ, గడ్డలు, జారిన డిస్కు ఇందుకు కారణం కావచ్చు. మన సీమలో వీటికి తోడు ఫ్లోరైడు నీరు వుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. ఎక్కువ ఫ్లోరైడు వున్న నీటిని ఏళ్ల తరబడి తాగితే వెన్నుపూసలను కలిపి వుంచే పట్టీలు మందమై, ఎముకగా మారి, వెన్నుపాము వుండే కాలువను ఇరుకు చేస్తాయి. వీపు భాగపు 12 పూసలలో ఆ కాలువ అసలే సన్నం. పొరుగున, అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు జబ్బును షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు 1937లోనే ప్రకటించారు. పళ్లపై గోధుమరంగు చారలు అందరికీ కనిపిస్తాయి. వీపులో జరిగేది ఎవరికి కనిపిస్తుంది?

అయినా గుర్తులు లేకపోలేదు. కాళ్లు బరువెక్కి బిగుసుకుంటాయి. కాలి చెప్పు జారినా తెలియదు. చీకట్లో తూలు వస్తుంది. ఛాతీ చుట్టూ పట్టీ బిగించినట్లుంటుంది. చివరకు మూత్రం మీద అదుపు తప్పుతుంది. అంతదాకా ఆగకూడదు. ఎమ్మారై స్కాను తీస్తే నొక్కుడు ఎక్కడో తెలుస్తుంది.

క్షయ అయితే చాలామందికి మందులే ప్రధానం. చీముగాని, కూలిన పూసగాని గట్టిగా నొక్కితే కత్తి పట్టవలసి వస్తుంది. ఎముకగా మారిన పట్టీకి మందు లేదు. వీపు వెనుకనుంచి పూసల పలకలను, గట్టిపడిన పట్టీని సన్నని డ్రిల్లుతో అరగదీసి తొలగిస్తారు. ఫ్లోరైడు ఎముక రాయిలా వుంటుంది, కొన్నిచోట్ల వెన్నుపాము పొరకు అతుక్కుని వుంటుంది. అందువల్ల ప్రమాదం లేదని ఏ డాక్టరూ చెప్పడు. కర్ర సాయంతోనైనా నడుస్తున్న దశలో వచ్చిన రోగికి, మంచంపట్టి నెలలు గడిచాక వచ్చిన రోగికి ఫలితం ఒకటి కాదు.

కర్నూలు పెద్దాసుపత్రిలో న్యూరోసర్జరీ విభాగం వుంది. తిరుపతి స్విమ్స్‌కూ వెళ్లవచ్చు.

ఆపరేషన్ నొక్కుడును తీస్తుందే గాని ఒంట్లోని ఫ్లోరైడును తీయదు. ఇంటికి వచ్చి మళ్లీ అదే బోరునీరు తాగితే మిగతా పట్టీల గతి అంతే. నీటిని కాచినా ఫ్లోరైడు పోదు. పటిక, సున్నం కలిపి తేర్చే నల్లగొండ పద్ధతి వుంది. వాననీరు పట్టుకున్నా మేలే. రోగి ఇంటి బోరునీటిని పరీక్ష చేయించడం కుట్లు మానేలోపే జరగాలి.