అసలుకు నీడ ఉంటుంది
అట్ట మీద పేరొకటే, బొమ్మా ఒకటే. ఒకటి వేల డాలర్లు పలుకుతుంది, మరొకటి చిత్తు ధరకూ పోదు

బీటిల్స్ బృందం అమెరికాను ఊపేయబోతున్న రోజులవి. 1964 జనవరి 10న వీజే అనే చిన్న సంస్థ 'ఇంట్రడ్యూసింగ్ ది బీటిల్స్' ఎల్పీని విడుదల చేసింది. పది రోజులకే పెద్ద సంస్థ క్యాపిటల్ తన ఆల్బమ్‌తో రంగంలోకి దిగింది. వెనువెంటనే కోర్టు కేసులు. 'లవ్ మి డూ', 'పీఎస్ ఐ లవ్ యూ' పాటల ప్రచురణ హక్కులు క్యాపిటల్ అనుబంధ సంస్థవి కావడంతో వీజే వాటిని తీసేసి, వేరే రెండు పాటలతో ఆల్బమ్‌ను మళ్లీ తెచ్చింది. అక్టోబరులో దాని హక్కులన్నీ ముగిశాయి. గిరాకీ మాత్రం తగ్గలేదు. ఆ ఖాళీని నకిలీలు నింపాయి. ఫలితం: అత్యధికంగా నకిలీలు వచ్చిన ఎల్పీల్లో ఇదొకటి.

ఆ రెండు పాటలున్న తొలి కూర్పు, అందులోనూ స్టీరియో కాపీ దొరకడం బహు అరుదు. చిక్కేమిటంటే, నకిలీల్లోనూ చాలా వరకు దశాబ్దాల నాటివే. కాబట్టి పాతబడిన అట్ట, గీతలు పడ్డ రికార్డు దేనికీ రుజువు కావు.

పరీక్ష లేబుల్‌తో మొదలవుతుంది. ఆల్బమ్ పేరు, బృందం పేరు రెండూ మధ్య రంధ్రానికి పైనే ఉండాలి. ఒకటి పైన, ఒకటి కింద ఉంటే అది నకిలీ. తర్వాత అట్ట. నకిలీల్లో చాలావాటిని అసలు అట్టను ఫొటో తీసి అచ్చు వేశారు. దాంతో ముద్రణ మసకబారింది, జార్జ్ హారిసన్ పక్కన ఉండాల్సిన నీడ మాయమైంది. పాట ముగిశాక లేబుల్ దాకా మిగిలే నున్నటి వలయమూ సాక్ష్యం చెబుతుంది. చాలా అసలు కాపీల్లో అక్కడ 'ఆడియో మేట్రిక్స్' అన్న మాటలు అచ్చుగుద్ది ఉంటాయి. చివరిగా చెవి: అట్ట మీద స్టీరియో అని ఉండి, రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వస్తే అనుమానించాల్సిందే.

అలాగని తేడా కనిపించిన ప్రతిదీ నకిలీ కాదు. వీజే వేర్వేరు కర్మాగారాల్లో రికార్డులు చేయించింది. లేబుళ్ల డిజైన్లూ పలు రకాలు. మరోవైపు, నీడతో సహా దించేసిన నేర్పరి నకిలీలూ ఉన్నాయి. అందుకే అనుభవజ్ఞులు ఏ ఒక్క గుర్తునూ నమ్మరు. లేబుల్, అట్ట, వలయం, శబ్దం నాలుగూ ఒకే మాట చెప్పాకే డబ్బు తీస్తారు.