మీకు తెలుసా? మీటింగ్‌లో ధైర్యాన్నిచ్చేది కథే

చేసిన పని గురించి పక్క సీటు మనిషికి టీ తాగుతూ చక్కగా చెప్పగలిగినవాళ్లకే, అదే సంగతి రివ్యూ మీటింగ్‌లో చెప్పాల్సి వస్తే నోరు ఎండిపోతుంది. టీ దగ్గర వాళ్లు చెప్పింది జరిగిన కథ. మీటింగ్‌లో చెప్పబోయేది రాత్రి కూర్చుని కంఠతా పట్టిన వాక్యాలు. తేడా అక్కడే ఉందని నా గట్టి నమ్మకం. తనకు బాగా తెలిసిన సంఘటన ఒకటి దగ్గరుంటే ధైర్యం దాని వెంటే వస్తుంది. ఇందుకు ఆధారాలు విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల్లోనూ ఉన్నాయి, మన ఊళ్లలో తెల్లవార్లూ సభను కూర్చోబెట్టిన కళాకారుల దగ్గరా ఉన్నాయి.

గాంధీజీ మొదటి వాక్యం దాటలేకపోయారని తెలుసా?

1891లో లండన్ నుంచి ఇండియాకు బయల్దేరే ముందు ఆయన శాకాహార మిత్రులకు హోబర్న్ రెస్టారెంట్‌లో విందు ఇచ్చారు. మాట్లాడటానికి కొద్ది వాక్యాలే, ఎంతో శ్రద్ధగా ఆలోచించి పెట్టుకున్నారు. లేచి మొదటి వాక్యం చెప్పారు. రెండోది రాలేదు. వచ్చినందుకు అందరికీ ధన్యవాదాలు చెప్పి కూర్చున్నారు. ఆ తర్వాత బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తొలి కేసు. సాక్షిని ప్రశ్నించడానికి లేస్తే తల తిరిగిపోయింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేక, తీసుకున్న 30 రూపాయల ఫీజు తిరిగిచ్చేశారు. ఇవన్నీ ఆయన ఆత్మకథలో రాసుకున్నవే.

1893లో ప్రిటోరియాలో భారతీయ వర్తకుల ముందు మాట్లాడినప్పుడు మాత్రం ఆయన ఆగిపోలేదు. వ్యాపారంలో సత్యం గురించి, మనవాళ్ల పారిశుద్ధ్యం గురించి, అక్కడ భారతీయులు పడుతున్న ఇబ్బందుల గురించి మాట్లాడారు. తన జీవితంలో తొలి బహిరంగ ఉపన్యాసం అదేనని ఆయనే చెప్పుకున్నారు. విందులో ఆయన గుర్తుపెట్టుకోవాల్సింది వాక్యాలను. ప్రిటోరియాలో చెప్పాల్సినవి కళ్లారా చూసినవి, స్వయంగా అనుభవించినవి. ఒక వాక్యం జారిపోతే తర్వాతిది దొరకదు. చూసిన సంగతి అలా జారిపోదు.

కథగా అల్లితే ఎన్ని మాటలు గుర్తుంటాయి?

1969లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గోర్డన్ బోవర్, మైకల్ క్లార్క్ విద్యార్థులకు పదేసి పదాలున్న 12 జాబితాలు ఇచ్చారు. ఒక జట్టును ప్రతి జాబితాలోని పదాలతో చిన్న కథ అల్లుకోమన్నారు. రెండో జట్టుకు అంతే సమయం ఇచ్చి, మామూలుగా నేర్చుకోమన్నారు. చివర్లో అన్ని జాబితాలూ ఒప్పజెప్పమంటే కథ అల్లినవాళ్లు 93 శాతం పదాలు చెప్పారు. మిగతావాళ్లు 13 శాతం దగ్గరే ఆగారు. మర్చిపోతానేమోనన్న భయమే చాలామంది గొంతు నొక్కేది కాబట్టి, నోట్సు చూసి పదిసార్లు వల్లె వేసేకన్నా చెప్పాల్సిన అంశాలను ఒక సంఘటన వరసలో పెట్టుకోవడం మేలు.

చెప్పేవాళ్ల మెదడు, వినేవాళ్ల మెదడు ఒకే తీరులో కదులుతాయి

2010లో ప్రిన్స్‌టన్‌లో ఉరీ హాసన్ బృందం ఒక యువతి చెప్పిన సొంత అనుభవాన్ని రికార్డు చేసి, వినేవాళ్లను స్కానర్‌లో ఉంచి వినిపించింది. కథ అర్థమవుతున్నంతసేపూ వాళ్ల మెదడులోని కదలికలు చెప్పిన ఆమె మెదడు కదలికలను అనుసరించాయి. కొన్ని భాగాల్లో అయితే వినేవాళ్లు ఆమెకన్నా ముందే ఊహించుకుంటూ వెళ్లారు. వాళ్లకు రాని రష్యన్ భాషలో కథ వినిపిస్తే ఆ జోడీ పోయింది. జార్గన్ నిండిన ప్రజెంటేషన్ మొదలవగానే చేతులు ఫోన్ల మీదికి ఎందుకు వెళ్తాయో నాకు ఈ రష్యన్ కథ గుర్తొచ్చినప్పుడల్లా అర్థమవుతుంది.

బుర్రకథలో ముగ్గురెందుకు?

మధ్యలో తంబురా పట్టిన కథకుడు. అటొకరు, ఇటొకరు డక్కీలతో వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం, అంటే నాటి సంగతికి నేటి వ్యాఖ్య. పైకి చూస్తే వాళ్లు ఊఁ కొట్టేవాళ్లలా కనిపిస్తారు. జాగ్రత్తగా వింటే వాళ్లు చేసే పని చాలా పెద్దది. సభలో కూర్చున్నవాళ్ల మనసులో మెదిలే ప్రశ్నను వాళ్లు ముందే అడిగేస్తారు. కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తారు. విషాదం బరువెక్కితే నవ్వించి తేలిక చేస్తారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ కళను ప్రజానాట్యమండలి వేదికల మీద శిఖరానికి తీసుకెళ్లారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన పేరు చెబితే గొంతునూ అడుగునూ తలచుకుంటాం గానీ, పక్కన వంతలు లేకపోతే ఆ కథ అలా నడిచేది కాదు.

మీటింగ్‌లో ఈ ఏర్పాటు చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ పని దగ్గరగా చూసిన సహోద్యోగిని ముందే అడిగి పెట్టుకోండి: “సరుకు ఆగిపోయిన రోజు సంగతి చెబుతాను, అప్పుడు సప్లయర్ ఏమన్నాడని నన్ను అడుగు.” ప్రశ్న నిజంగా అందరికీ రావాల్సినదై ఉండాలి, పొగడ్తకు వేసిన ఎర కాకూడదు. ఆ ఒక్క ప్రశ్నతో గదిలో ఒంటరిగా నిలబడ్డామన్న భావన పోతుంది. బిడియం ఎక్కువున్నవాళ్లకు నేను మొదట చెప్పే చిట్కా ఇదే.

హరికథకుడికి ఆ తోడు కూడా లేదు. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) వంటివారు కాలికి గజ్జెలు, చేతిలో చిరుతలు పెట్టుకుని ఒక్కరే గంటల తరబడి సభను నడిపారు. సభ సడలుతోందని అనిపిస్తే హరిదాసులు ప్రధాన కథ ఆపి పిట్టకథ ఎత్తుకుంటారు. నవ్వులు చల్లారేలోగా వదిలిన చోటికే తిరిగి వస్తారు. అంకెల మధ్య ఒక నిమిషం పిట్టకథకు చోటు ఉంచుకున్నవాళ్లు మధ్యాహ్నం భోజనం తర్వాతి మీటింగ్‌ను కూడా గట్టెక్కించగలరు.

చేర్యాల పటమే మన తొలి స్లైడ్ షో అని ఎప్పుడైనా అనిపించిందా?

తెలంగాణలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు గీసే పటం పదుల అడుగుల పొడవుంటుంది. కాకిపడగలవారు, కూనపులివారు వంటి కథకులు దాన్ని వేలాడదీసి, కథ నడిచేకొద్దీ ఒక్కో గడి విప్పుతూ పోతారు. గడిలో బొమ్మలే ఉంటాయి, చదవాల్సినదేమీ ఉండదు. జనం చూపు బొమ్మ మీద, చెవి కథకుడి మీద. రాబోయే గడి చుట్టలోనే ఉంటుంది కాబట్టి ఎవరూ ముందుకు పరుగెత్తరు. మనం పవర్‌పాయింట్‌తో చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. తెర నిండా అక్షరాలు పోసి, వాటినే చదివి వినిపిస్తాం. అప్పుడు చెప్పే మనిషి అవసరమే లేకుండా పోతుంది. అవసరం లేదనిపించిన మనిషికి ఆత్మవిశ్వాసం ఎక్కడి నుంచి వస్తుంది?

స్లైడ్ ఎంత ప్రమాదకరంగా మాట దాచగలదో చెప్పడానికి కొలంబియా వ్యోమనౌక కన్నా బాధాకరమైన ఉదాహరణ నాకు తెలియదు. 2003 జనవరిలో నౌక పైకి లేస్తుండగా ట్యాంకు మీది ఫోమ్ ముక్క ఊడి ఎడమ రెక్కను కొట్టింది. నౌక ఇంకా అంతరిక్షంలో ఉండగానే బోయింగ్ ఇంజినీర్లు నాసాకు స్లైడ్లు చూపించారు. వాటిలో ఒకదాని శీర్షిక ధైర్యం చెబుతున్నట్టుంది. కింద, అన్నింటికన్నా చిన్న అక్షరాల వరసలో అసలు సంగతి ఉంది: ఫోమ్ పరిమాణం 1,920 ఘనపు అంగుళాలు, పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు తిరిగి రాలేదు. నౌకను కూల్చింది రెక్కకు తగిలిన దెబ్బే. అయితే దర్యాప్తు సంఘం తన నివేదికలో ఆ స్లైడ్‌పై ఎడ్వర్డ్ టఫ్టీ చేసిన విశ్లేషణను అచ్చువేసి, సాంకేతిక పత్రాలకు బదులు స్లైడ్లతో సరిపెట్టే అలవాటును విమర్శించింది. “మనం పరీక్షించినదానికన్నా ఆరు వందల రెట్లు పెద్ద ముక్క తగిలింది” అని ఒకరు లేచి మొదటి వాక్యంగా చెప్పి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు.

2004లో జెఫ్ బెజోస్ అమెజాన్ పెద్దల సమావేశాల్లో పవర్‌పాయింట్ వద్దన్నారు. వాటి బదులు ఆరు పేజీలకు మించని వచనం రాసుకు రావాలి. మీటింగ్ మొదట్లో అందరూ మౌనంగా దాన్ని చదువుతారు, చర్చ ఆ తర్వాతే.

ఒక్క చిన్న ఊరి కథ ప్రపంచ బ్యాంకును కదిలించింది

1996లో ప్రపంచ బ్యాంకులో స్టీఫెన్ డెనింగ్ అనే ఆస్ట్రేలియన్ ఒక ప్రతిపాదన పట్టుకుని తిరిగారు. బ్యాంకు అప్పులతో పాటు తన దగ్గరున్న పరిజ్ఞానాన్ని కూడా ప్రపంచానికి పంచాలన్నది ఆయన వాదన. చార్టులు చూపించారు, కారణాలు చెప్పారు. ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు ఒక చిన్న సంగతి చెప్పడం మొదలుపెట్టారు. 1995 జూన్‌లో జాంబియాలో కమానా అనే మారుమూల చిన్న పట్నంలో ఒక ఆరోగ్య కార్యకర్త, అట్లాంటాలోని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం వెబ్‌సైట్ తెరిచి మలేరియా చికిత్స గురించి తనకు కావాల్సిన జవాబు సంపాదించుకున్నాడు. ఇంతే కథ. దీని చివర డెనింగ్ ఒక మాట కలిపేవారు: ఈ చిత్రంలో ప్రపంచ బ్యాంకు ఎక్కడా లేదు, ఉంటే ఎలా ఉండేదో ఊహించండి.

వినేవాళ్లు ఊహించారు. అదే ఏడాది అక్టోబరులో బ్యాంకు అధ్యక్షుడు జేమ్స్ వుల్ఫెన్‌సన్ వార్షిక సమావేశంలో పరిజ్ఞాన బ్యాంకు ఆలోచనను ప్రకటించారు. డెనింగ్ ఈ అనుభవాన్ని తర్వాత పుస్తకంగా రాశారు. ఆయన కథలో ఏమేం ఉన్నాయో చూడండి: ఒక మనిషి, ఒక ఊరు, ఒక నెల, ఒక అవసరం. వర్ణనలు లేవు, నాటకీయత లేదు, నిమిషంలో అయిపోతుంది. ఆఫీసు కథకు ఇంతకన్నా మంచి నమూనా నేను చూడలేదు. గొప్ప వక్త కావాల్సిన పనిలేకుండా, ఎంత బిడియస్తులైనా దీన్ని చెప్పగలరు.

ఇలాంటి కథలు నాకెక్కడివి అనుకునేవాళ్లు జిరాక్స్ మెకానిక్కుల సంగతి వినాలి. మానవశాస్త్రవేత్త జూలియన్ ఓర్ 1980లలో కాపీ మెషీన్లు బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగారు. కంపెనీ వాళ్లకు మాన్యువల్స్ ఇచ్చింది. అవి దారి చూపించని చోట, భోజనాల దగ్గరా కాఫీల దగ్గరా ఒకరికొకరు చెప్పుకున్న రిపేరు కథలే వాళ్లను గట్టెక్కించేవని ఆయన గమనించారు. ఆ కథలు చెప్పినవాళ్లెవరూ వేదికలెక్కినవాళ్లు కారు. ఈ నెలలో మీ పనిలో ఎక్కడ చిక్కుపడ్డారో, చిక్కు ఎలా విడిందో ఒక నోటుపుస్తకంలో రెండు లైన్లు రాసిపెట్టుకుంటే చాలు, రివ్యూ రోజున వెతుక్కోనక్కర్లేదు.

కథ పక్కన అంకె పెడితే ఏమవుతుంది?

2007లో అచ్చయిన ఒక ప్రయోగంలో డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ విరాళాలు అడిగే తీరును పరీక్షించారు. చేతిలో 5 డాలర్లున్నవాళ్లు, రోకియా అనే ఏడేళ్ల మాలీ పాప గురించి చదివి సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. ఆఫ్రికా కరువు గణాంకాలు మాత్రమే చదివినవాళ్లు 1.14 ఇచ్చారు. పాప కథతో పాటు గణాంకాలూ చదివినవాళ్లు 1.43 దగ్గరే ఆగారు. అంకెలు మనసును చల్లబరిచాయి.

అలాగని ఆఫీసులో అంకెలు వదిలేయమని ఎవరూ అనరు, నేనూ అనను. కథ ఒక్కటే చెప్పడం మోసానికి కూడా దారి తీస్తుంది. వంద మంది కస్టమర్లలో ఒక్కరే మెచ్చుకుంటే, ఆ ఒక్కరి కథే చెప్పడం అబద్ధంతో సమానం. ముందు అంకె చూసుకోవాలి, ఆ అంకెకు నిజమైన ప్రతినిధి అనదగ్గ సంఘటననే ఎంచుకోవాలి. మీటింగ్‌లో సంఘటన చెప్పాక అంకెను ఒక్కసారి, స్పష్టంగా చెప్పి ఆగాలి. కథలో సహోద్యోగి పొరపాటు ఉంటే వాళ్లను అడగకుండా పేరు ఎత్తకూడదు.

మధ్యలో అడ్డు తగిలే బాస్‌కు మన దగ్గర ఎప్పటినుంచో ఒక కుర్చీ ఉంది

అష్టావధానంలో అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్లు, కూర్చుంటారు. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి వంటివి ఇచ్చేవాళ్లు ఉండగా, అప్రస్తుత ప్రసంగం చేసేవారి పని అవధాని ధ్యాస చెదరగొట్టడమే. ఏ సంబంధమూ లేని ప్రశ్న విసురుతారు. అవధాని నవ్వుతూ, వీలైతే సభనూ నవ్విస్తూ జవాబిచ్చి, పద్యంలో ఆగిన పాదం దగ్గరికి వెళ్లిపోతారు. అడ్డు వస్తుందని ముందే తెలిసి, దానికి చోటిచ్చి సిద్ధమవడం ఇందులోని కీలకం. అవధాని ధారణ మనకు రాకపోవచ్చు. ఎక్కడ ఆగామో గుర్తుంచుకోవడం మాత్రం కథ చెబుతున్నవాళ్లకు సులువు. “వాన పడుతుండగా లారీ గేటు దగ్గరే ఉండిపోయింది కదా” అని తిరిగి అందుకోవచ్చు. పన్నెండో స్లైడ్‌లో మూడో పాయింట్ దగ్గర ఆగినవాళ్లకు ఆ వీలు ఉండదు.

మీ వణుకు మీకు తెలిసినంతగా ఎదుటివాళ్లకు తెలియదు

కెనెత్ సవిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ 2003లో దీన్ని ప్రయోగం చేసి చూపించారు. మాట్లాడేవాళ్లు తమ కంగారు బయటికి ఎంత కనిపిస్తోందని అనుకున్నారో, వినేవాళ్లకు అంతకన్నా తక్కువే కనిపించింది. ఈ సంగతి ముందే చెప్పి కొందరిచేత మాట్లాడిస్తే, వాళ్లు మిగతావాళ్లకన్నా మెరుగ్గా మాట్లాడారు. అంటే ఈ పేరా చదవడమే కొంత మందు.

హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో మరో మార్గం చూపారు. ఉపన్యాసానికి ముందు “నేను ప్రశాంతంగా ఉన్నాను” అని పైకి అన్నవాళ్లకన్నా “నాకు ఉత్సాహంగా ఉంది” అన్నవాళ్లు బాగా రాణించారు. గుండె దడను అణచడం కష్టం. దాన్ని ఉత్సాహంగా తీసుకోవడం సాధ్యమే.

టోస్ట్‌మాస్టర్స్‌లో మొదటి ఉపన్యాసం దేని గురించి?

రాల్ఫ్ స్మెడ్లీ 1924 అక్టోబరు 22న కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో, వైఎంసీఏ భవనంలో, నలుగురిలో మాట్లాడటం సాధన చేసే ఈ క్లబ్బుకు అంకురార్పణ చేశారు. కొత్త సభ్యులు చేసే తొలి ప్రసంగాన్ని ఐస్ బ్రేకర్ అంటారు. అంశం వాళ్లే: తమ గురించి తామే చెప్పుకోవాలి. నాలుగు నుంచి ఆరు నిమిషాలు. నాలుగు నిమిషాలు కాగానే పచ్చ లైటు, ఐదుకు పసుపు, ఆరుకు ఎరుపు. “ఆఁ”, “అంటే” లాంటి ఊతపదాలు లెక్కపెట్టడానికి ఒకరు, భాష గమనించడానికి మరొకరు, ప్రసంగం విని సలహా చెప్పడానికి ఇంకొకరు ఉంటారు. హైదరాబాద్‌లో చాలా ఐటీ కంపెనీలు ఉద్యోగుల కోసం ఆఫీసు ఆవరణలోనే ఇలాంటి క్లబ్బులు నడుపుతున్నాయి. చేరాలో వద్దో తేల్చుకునే ముందు అతిథిగా వెళ్లి ఒక సమావేశం చూసి రావచ్చు.