బిల్లు చివర 32 రూపాయలు

పోయిన శనివారం మాదాపూర్‌లో నలుగురం బిర్యానీ తిన్నాం. బిల్లు 1,280. దాని కింద సీజీఎస్టీ 32, ఎస్‌జీఎస్టీ 32. నాలుగు భాగాలు చేసి ఫోన్‌లో కొట్టేశాం. ఆ రెండు లైన్లు ఎవరం చదవలేదు.

సోమవారం మా పీజీలో వంట చేసే అక్కతో బస్తీ దవాఖానాకి వెళ్లాను. బీపీ చూశారు, టెస్టుకి రక్తం తీసుకున్నారు, మాత్రలు ఇచ్చారు. పైసా అడగలేదు. "ఫ్రీ ఏంది తమ్మీ, సబ్బు కొన్నా ట్యాక్స్ కడుతలేమా?" అంది అక్క. నిజమే. మరి నా 32 రూపాయలు ఇక్కడికొచ్చాయా?

చెప్పలేం. ఎస్‌జీఎస్టీ మొత్తం రాష్ట్ర ఖజానాలో కలిసిపోతుంది. జీతాలు, రోడ్లు, పింఛన్లు, ఆస్పత్రులు, అన్నీ అందులోంచే. మున్సిపల్ కార్పొరేషన్‌కి ఆస్తి పన్ను ఉంది కానీ, అమ్మకం పన్ను వేసే అధికారం లేదు. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలకి రాష్ట్రం డబ్బుతో పాటు జాతీయ ఆరోగ్య మిషన్ డబ్బు కూడా వస్తుంది. అంటే సీజీఎస్టీ 32లోంచి ఓ చుక్క ఢిల్లీ చుట్టి వచ్చి ఉండొచ్చు!

అమెరికాలోని మయామీలో ఇలా కాదు. అక్కడి జాక్సన్ ప్రభుత్వ ఆస్పత్రి కోసం 1991లో జనం ఓటేసి మరీ డాలర్‌కి అర సెంటు అమ్మకం పన్ను వేసుకున్నారు. ఆ లెక్కన మా బిర్యానీ మీద 6 రూపాయల 40 పైసలు, నేరుగా దవాఖానాకే.

వినగానే మనకీ కావాలనిపించింది. హైటెక్ సిటీ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఎన్ని హోటళ్లు, ఎన్ని మాల్స్! కానీ 2020 గుర్తొచ్చింది. ఆఫీసులు ఖాళీ, హోటళ్లు బంద్. సరిగ్గా అప్పుడే గచ్చిబౌలి స్పోర్ట్స్ విలేజ్ టవర్‌ని టిమ్స్ ఆస్పత్రిగా మార్చాల్సి వచ్చింది. ఆస్పత్రి ఈ కారిడార్ అమ్మకాల మీదే బతకాలంటే, డబ్బు బాగా అవసరమైన నెలల్లోనే గల్లా ఖాళీ. పైగా మాల్ ఉన్న చోట మంచి దవాఖానా, లేని ఆదిలాబాద్ ఊళ్లకి ఏముంటుంది? అందుకే ఉమ్మడి ఖజానాయే నయమని నా లెక్క. కాకపోతే ఏ దవాఖానాకి ఏడాదికి ఎంత ఇచ్చారో దాని గోడ మీద రాయొచ్చు కదా. అదేం పెద్ద కోరిక కాదు.

అక్కకి రాసిన రెండు రకాల మాత్రల్లో ఒకటి ఆ రోజు స్టాక్ లేదు. బయట షాపులో కొన్నాం. స్ట్రిప్ మీది ధరలో జీఎస్టీ కలిపే ఉంది.