వెనిస్‌లో బస, ప్రయాణం

బస ఎంపికలో గది అద్దె ఒక్కటే చూస్తే సరిపోదు. ఇటలీలోని వెనిస్‌నే తీసుకోండి. ఈ పాత నగరంలో కార్లు, బస్సులు తిరగవు. బస్సులు పియాజాలే రోమా దగ్గరే ఆగిపోతాయి. అక్కడి నుంచి నడవాలి, లేదా వాపొరెట్టో అనే పడవ ఎక్కాలి. 2024లో దీని టికెట్టు 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది.

నీటికి అవతల, ప్రధాన భూభాగంలో ఉన్న మెస్ట్రేలో గదులు సాధారణంగా చవక. రైలులో సుమారు 10 నిమిషాల ప్రయాణం. అయితే రాత్రి తిరుగు రైలు వేళ ముందే చూసుకోవాలి.

నగరంలోనే ఉండదలిస్తే పటంలో దూరంకన్నా దారిలోని వంతెనలను లెక్కపెట్టండి. చాలా వంతెనలకు మెట్లుంటాయి. పెట్టెలు మోయక తప్పదు. వృద్ధులు వెంట ఉంటే, కొంచెం ఎక్కువైనా, రేవు పక్కనున్న గదే మేలు. ఇంటి నంబర్లు వీధిని బట్టి కాక పేటను బట్టి సాగుతాయి కాబట్టి, చిరునామాతోపాటు దగ్గరి రేవు పేరు కూడా అడిగి రాసుకోండి.