రాబోవు మోటారుబండిని గూర్చిన ఊహలు

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము" అను సామెతను విననివారు మనలో నుండరు. పుట్టని బిడ్డకు పేరు పెట్టవలయునను ఆతురత మనుష్య స్వభావమందే కలదు. మోటారుబండ్లయందు ప్రీతిగలవారిలో ఈ యాతురత మిక్కిలి స్పష్టముగా గానవచ్చును. ఒక గొప్ప బండి కర్మాగారమును విడిచి వెలుపలికి రాకమునుపే దాని ఇంజను ఎట్టిదో, వేగమెంతయో, ముఖమెట్లుండునో యని వారు దేశదేశములయందు వాదించుకొనుచుందురు. అట్టి బండిని కొనగలవారు వీరిలో బహు కొద్దిమంది. అయినను వాదమునకు మాత్రము కొదువ లేదు.

ఇదియంతయు వ్యర్థప్రసంగమని త్రోసివేయువారు కలరు. మా యభిప్రాయము వేరు. ఊహించుట తప్పు గాదు; ఊహించినదానిని కన్నులార చూచినట్లు చెప్పుట తప్పు. ఈ భేదమును చదువరులకు విశదపరచుటకై ఇంగ్లండు దేశమందలి క్రూ పట్టణమున తయారగుచు వచ్చిన బెంట్లీ కాంటినెంటల్ జీటీ యను బండి కథను ఉదాహరణముగా గైకొనుచున్నాము.

మొదట జీటీ యనగా నేమో తెలిసికొనవలయును. గ్రాండ్ టూరింగ్ అను మాటలకు అది సంక్షేపము. పందెపు బండి వేగమునకే పుట్టినది. అందు సుఖము లేదు. పెద్దమనుష్యుల విలాసపు బండి సుఖమునకే పుట్టినది. అందు వేగము ప్రధానము గాదు. ఈ రెండు గుణములను ఒక్కచోట జేర్చి, కొందరు ప్రయాణికులను వారి పెట్టెలతో గూడ ఒక్క దినమున వందల మైళ్లు అలసట లేకుండ గొనిపోవునది గ్రాండ్ టూరింగ్ బండి. బెంట్లీవారు 1952లో కాంటినెంటల్ అను పేరుతో వెలువరించిన బండి ఈ తరగతిలో ప్రసిద్ధి కెక్కినది. నలుగురు కూర్చుండగల ఆ బండి గంటకు 115 మైళ్లకు మించి పోగలిగెను. తొలి పరీక్షాబండితో గలిపి అట్టివి 208 మాత్రమే కట్టిరి. ఆ పరీక్షాబండి నంబరులోని ఓ, ఎల్, జీ యను అక్షరములనుబట్టి దానికి "ఓల్గా" యను ముద్దుపేరు వచ్చినది.

బెంట్లీ సంస్థ 1998లో జర్మనీ దేశపు వోక్స్‌వాగన్ వారి వశమైనది. పిమ్మట 2003లో కాంటినెంటల్ జీటీ వెలువడెను. దాని ఇంజనులో 12 సిలిండర్లు ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరము పోలికగా అమర్చబడినందున దానిని డబ్ల్యూ 12 అనిరి. దాని శక్తి 560 మెట్రిక్ అశ్వశక్తి. బండి పరమవేగము గంటకు 318 కిలోమీటర్లు. ఇట్టి ఇంజనులు క్రూలో లక్షకు పైగా కట్టబడినవి. ఆ బండిని ప్రేమించినవారు ఆ ఇంజనునే దాని ప్రాణముగా నెంచిరి. అట్లుండగా, మరుసటి సంవత్సరమున ఆ ఇంజను తయారీని నిలిపివేయుదుమని 2023 ఫిబ్రవరిలో బెంట్లీవారు ప్రకటించిరి. ఇక రాబోవు కాంటినెంటల్ ఎట్టిదై యుండును? ఊహలకు ద్వారము తెరువబడినది.

ఇట్టి సమయమున ఊహించువారు రెండు తెగలుగా నేర్పడుదురు. మొదటి తెగవారు తాము కోరినదే జరుగునందురు. రెండవ తెగవారు సాక్ష్యములను వెదకుదురు. వారు చూడదగిన సాక్ష్యము లెట్టివో వివరింతుము.

మొదటి సాక్ష్యము బంధుత్వము. పెద్ద సంస్థల యేలుబడిలోని బండ్లు అన్నదమ్ములవంటివి. ఒకదాని భాగములు వేరొకదానికి పనికివచ్చును. 2017లో చూపబడిన మూడవ తరము కాంటినెంటల్, పోర్షేవారి పానమేరా యను బండితో నొకే పునాది గలది. ఆ పానమేరా క్రొత్తరూపము 2023 నవంబరులో వెలువడెను. అందు 4 లీటర్ల, 8 సిలిండర్ల ఇంజనును, దానికి తోడుగా 190 అశ్వశక్తి గల విద్యుత్ మోటారును, 25.9 కిలోవాట్ గంటల బ్యాటరీని అమర్చిరి. అన్న యింట వండినకూర తమ్ముని యింటికిని వచ్చునని తలచుట అవివేకము గాదు గదా.

రెండవ సాక్ష్యము ముందుగా బంపబడిన దూత. 2022లో బెంట్లీవారు బతూర్ అను పేరుతో 18 బండ్లు మాత్రమే కట్టుటకు నిశ్చయించి, రాబోవు తమ బండ్ల రూపమునకు ఇది సూచన యని చెప్పిరి. పూర్వపు కాంటినెంటల్ ముఖమున ప్రక్కకు రెండేసి దీపము లుండగా, బతూరునకు ప్రక్కకు ఒక్కొక్క దీపమే యుండెను.

మూడవ సాక్ష్యము ముసుగు వేసిన పరీక్షాబండి. క్రొత్త బండిని అమ్మకమునకు బెట్టుటకు మునుపు బహిరంగ మార్గములమీదను, జర్మనీలో 20.8 కిలోమీటర్ల చుట్టుకొలత గల నూర్‌బుర్గ్‌రింగ్ ఉత్తరపు బాటమీదను నడిపి పరీక్షింతురు. దాని ఒడలినిండ నలుపు తెలుపు సుడులుగల కాగితమువంటి పొరను అంటింతురు. కన్నును, కెమెరాను మోసగించి, వంపులెక్కడ నున్నవో తెలియనీయకుండుటయే దాని పని. అయినను రూపమును దాచవచ్చును గాని కొలతలను పూర్తిగా దాచుట కష్టము. ధ్వనిని దాచుట మరింత కష్టము. విద్యుత్ బ్యాటరీగల కొన్ని పరీక్షాబండ్లపై పసుపుపచ్చని చిన్న చీటీ యుండును. ప్రమాదము గలిగినయెడల రక్షింపవచ్చినవారు విద్యుత్తువలన హాని పొందకుండుటకై దాని నంటింతురు. ఇట్లు ప్రాణరక్షణకై పెట్టిన చీటీయే లోపలి రహస్యమును వెలిబుచ్చును.

2024 జూనులో నాలుగవ తరము కాంటినెంటల్ జీటీని లోకమునకు చూపిరి. సాక్ష్యములను నమ్మినవారి మాట నెగ్గెను. 4 లీటర్ల, 8 సిలిండర్ల ఇంజను, 190 అశ్వశక్తి మోటారు, 25.9 కిలోవాట్ గంటల బ్యాటరీ, ప్రక్కకు ఒక్కొక్క దీపము — అన్నియు ననుకొన్నట్లే వచ్చినవి. పెట్రోలు ముట్టకుండ బ్యాటరీతోనే 81 కిలోమీటర్లు పోగలదని సంస్థవారు ప్రకటించిరి.

అయితే సాక్ష్యము మంచిదైనను లెక్క తప్పినచో ఊహ తప్పును. ఇందుకు రెండు దృష్టాంతములు చూపుదుము. ఇంజను 600, మోటారు 190. కూడిన 790 కావలెను. కాని ప్రకటింపబడిన శక్తి 782 మాత్రమే. త్రిప్పుడు బలము ఇంజనునకు 800, మోటారునకు 450 న్యూటను మీటర్లు, కూడిన 1250. ప్రకటింపబడినది 1000. ఏలయన, ఇంజను ఒక భ్రమణవేగమువద్ద తన పూర్ణబలమును జూపును, మోటారు వేరొక వేగమువద్ద జూపును. ఇరువురు బలవంతులు ఒక్క బండిని లాగుచున్నను ఇద్దరును ఒక్కక్షణమందే తమ పూర్ణబలమును చూపనియెడల వారి బలములను ఊరక కూడుట తగదు. మరియు గేర్లు, ఇరుసులు భరింపగలిగినంత బలమునే వానిపైకి బంపవలయును.

రెండవది వేగపు లెక్క. 560 అశ్వశక్తికి 318 కిలోమీటర్లయినచో 782 అశ్వశక్తికెంత? త్రైరాశికము వేసిన బాలుడు 444 అని చెప్పును. ఇది తప్పు. బండి వేగము హెచ్చినకొలది గాలి దానిని ఎదిరించును. ఆ యెదిరింపు వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును. దానిని జయించుటకు గావలసిన శక్తి వేగముయొక్క ఘనమునుబట్టి పెరుగును. అనగా వేగము రెట్టింపు గావలెనన్న శక్తి ఎనిమిదిరెట్లు గావలయును. ఈ సూత్రముచే లెక్కించినచో ఇంచుమించు 355 వచ్చును. సంస్థవారు ప్రకటించినది 335. బండి వెడల్పు, గేర్ల నిష్పత్తి, టైర్ల సహనము మున్నగునవి మన లెక్కలో చేరలేదు గనుక ఈ కొంచెపు భేదము వింత గాదు. గాని 444 అన్నవానికిని 355 అన్నవానికిని గల దూరమును గమనింపుడు. తరగతిలో నేర్చిన ఘనమూలము ఎక్కడ బనికివచ్చునని యడుగువారికి ఇదియే జవాబు.

సాక్ష్యమును జాగ్రత్తగా జూచినవారును భంగపడిన సందర్భములు కలవు. 2015లో జెనీవా ప్రదర్శనమందు బెంట్లీవారు ఈఎక్స్‌పీ 10 స్పీడ్ 6 అను ఆకుపచ్చని రెండు పీటల బండిని నమూనాగా నుంచిరి. దానిని చూచినవారనేకులు, ఇది త్వరలోనే అమ్మకమునకు వచ్చునని యాశించిరి. అది రాలేదు. దాని రూపురేఖలు కొన్ని మాత్రము 2017 నాటి కాంటినెంటలునకు సంక్రమించినవి. నమూనా యనునది వాగ్దానము గాదని దీనివలన తెలియవలెను. మనము మిక్కిలి కోరినదానికి స్వల్పసాక్ష్యము చాలుననిపించును. మనకు రుచింపనిదానికి పర్వతమంత సాక్ష్యమున్నను చాలదనిపించును. కావున తన కోరికకు అనుకూలముగా నున్న వార్తనే రెండుమార్లు పరీక్షింపవలయును.

ఇంతకంటె వినయము నేర్పు సంగతి యొకటి కలదు. 2030 నాటికి తమ బండ్లన్నియు విద్యుత్తుతోనే నడచునని 2020లో బెంట్లీవారే ప్రకటించిరి. 2024లో ఆ గడువును 2035కు మార్చిరి. కర్మాగారము వారిది, యంత్రములు వారివి, పనివారు వారివారు. అయినను వారి భవిష్యత్తు వారికే పూర్తిగా తెలియలేదు. ఇక వెలుపల నిలిచి తొంగిచూచువారు ఎంత జాగ్రత్తగా మాటలాడవలయునో చెప్పనక్కరలేదు. ఊహ తప్పిన వారిని మేము నిందింపము. తప్పెనని తెలిసిన పిదపను ఒప్పుకొననివారినే నిందింతుము.

ఈ కథ బండ్లను గూర్చినదే యైనను దీని ఫలము బండ్లతో ముగియదు. పరీక్షాఫలితములు రాకమునుపే ఎవరు తప్పిరో చెప్పువారు విద్యాలయములందు నుందురు. ఒక సహపాఠి నాలుగుదినములు రాకున్న కారణము కల్పించి గోరంతను కొండంత చేయువారును నుందురు. బండిని గూర్చిన ఊహ తప్పినయెడల బండికి నష్టము లేదు. మనుష్యుని గూర్చిన ఊహ తప్పినయెడల వాని మంచిపేరు పోవును. కావున నిరపాయమైన విషయములయందే ఈ విద్య నభ్యసించుట మేలు. "ఇది చూచితిని", "ఇది వింటిని", "ఇది తలచుచున్నాను" అను మూడు మాటలను వేరువేరుగా నుంచుకొని, ఒకదాని స్థానమున వేరొకదానిని పెట్టకుండ మాటలాడ నేర్చినవాడు, ఏ బండిని ఎక్కినను ఎక్కకున్నను, నమ్మదగిన మనుష్యుడగును.