మెగ్నీషియం రిబ్బన్: మంట కన్నా మేలైన ప్రయోగాలు

మెగ్నీషియం రిబ్బన్ అనగానే చాలామందికి బడిలో చూసిన మంటే గుర్తొస్తుంది. గరుకు కాగితంతో రుద్ది, పటకారుతో పట్టుకుని మంటకు చూపిస్తే కళ్లు చెదిరే తెల్లని వెలుగు, ఆ తర్వాత కాస్త తెల్లని పొడి. ఆ వెలుగు ఒకప్పుడు ఎంతో పనికొచ్చింది. 1865లో చార్లెస్ పియాజీ స్మిత్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఈజిప్టులోని గ్రేట్ పిరమిడ్ లోపల మెగ్నీషియం వెలుగులోనే ఫొటోలు తీశాడు. ఇప్పుడు ఆ అవసరం లేదు. అయినా ఇంట్లో ప్రయోగాలు చేసే ఔత్సాహికులు రిబ్బన్ దొరికితే ముందు అగ్గిపెట్టె కోసమే చూస్తారు. నిజానికి ఈ లోహం మనకు ఎక్కువ నేర్పేది నీటిలో.

మెగ్నీషియం తన ఎలక్ట్రాన్లను చాలా తేలిగ్గా వదులుకుంటుంది. మంటలో ఆ పని క్షణాల్లో అయిపోతుంది కాబట్టి చూడడమే తప్ప కొలవలేం. నిమ్మకాయలో రిబ్బన్ ముక్కను, రాగి తీగను విడివిడిగా గుచ్చి మల్టీమీటర్ పెడితే అదే గుణం అంకెల్లో కనిపిస్తుంది. జింకు పూత మేకుతో సుమారు ఒక వోల్టు వచ్చే చోట మెగ్నీషియంతో అంతకన్నా స్పష్టంగా ఎక్కువ వస్తుంది. అలాంటి కాయలు రెండు వరసగా కలిపితే ఎర్ర ఎల్ఈడీ మసగ్గానైనా వెలుగుతుంది. ఇక ఉప్పునీటి గ్లాసులు రెండు తీసుకుని, ఒకదానిలో మామూలు ఇనుప మేకును, రెండోదానిలో రిబ్బన్ చుట్టిన మేకును వేయండి. మొదటిది తుప్పు పడుతుంది. రెండోదానిలో రిబ్బన్ తాను కరుగుతూ ఇనుమును కాపాడుతుంది. చాలా గీజర్ల ట్యాంకుల్లో, భూమిలో పాతిన ఇనుప పైపుల పక్కన మెగ్నీషియం కడ్డీలు పెట్టేది ఇందుకే.

మంటలో ఉన్న ఆకర్షణ వీటిలో లేదని కొందరు అనవచ్చు. నిజమే, బడిలో టీచరు చేతి మీదుగా ఒక్కసారి దాన్ని చూసి తీరాలి. ఇంట్లో మాత్రం అది తగదు. ఆ మంట వేడి 3000 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది, అందులోని అతినీలలోహిత కిరణాలు కళ్లకు హాని చేస్తాయి. నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్‌లోనూ అది ఆరదు, పొడి ఇసుకే దిక్కు. నీటి ప్రయోగాల్లోనూ హైడ్రోజన్ వస్తుంది కదా అన్నది సరైన ప్రశ్నే. వచ్చేది చిన్న బుడగలే. గ్లాసు మూత తెరిచి ఉంచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుంటే చాలు. ప్రయోగం చేసిన నిమ్మకాయను మాత్రం తినకూడదు. చవకగా దొరికే జింకు సరిపోదా అంటే, రెంటినీ పక్కపక్కన కొలిచి చూడడంలోనే అసలు పాఠం ఉంది.

సైన్స్ టీచర్లకు ఒక విన్నపం. మంట చూపించిన రోజునే ఆ రెండు గ్లాసులను కూడా తరగతి కిటికీలో పెట్టించండి. వారం రోజులు పిల్లలనే చూసి రాసుకోనివ్వండి.