అయిదు మాటలు – అయిదు సంగతులు

మీ అమ్మను గురించి అయిదు మాటల్లో చెప్పమంటే ఏమంటారు? "మంచిది, ప్రేమగలది, ఓర్పుగలది..." అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాం. చిక్కంతా తరువాతి ప్రశ్నలో వున్నది: "ప్రేమగలది అన్నారు గదా, చిన్ననాడు జరిగిన సంగతి ఒకటి చెప్పండి."

అమెరికాలో మేరీ మెయిన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు సహచరులతో కలిసి 1980ల మధ్యలో ఈ ప్రశ్నావళిని తయారుచేసింది. పసితనపు అనుబంధం మనకు తెలియకుండానే మనసులో వేసిన అచ్చును ఇది కొలుస్తుంది. బాల్యం సుఖంగా గడిచిందా, కష్టంగా గడిచిందా అన్నది లెక్కలోకి రాదు. చెప్పిన మాటకు, చెప్పిన సంగతికి పొత్తు కుదిరిందా అని చూస్తారు.

అంతకు ముందే మేరీ ఎయిన్స్‌వర్త్ పసిబిడ్డలను పరీక్షించింది. ఏడాది బిడ్డను కొత్త గదిలో వుంచి తల్లి మూడు నిమిషాలు బయటికి పోతుంది. ఆమె తిరిగి వచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తుందన్నదే ముఖ్యం. ఒక బిడ్డ చంకనెక్కి ఊరట పొందుతుంది. ఒకటి మొహం తిప్పుకుంటుంది. ఇంకొకటి ఎత్తుకున్నా కోపంతో గింజుకుంటుంది.

మా అనంతపురం సీమలో ఏడాదికి వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ తప్పి శనక్కాయ ఎండితే బెంగళూరుకు వలస. మూడు నిమిషాల ఎడబాటు ఇక్కడ నెలలకు సాగుతుంది. మా అమ్మా నాయనా నన్ను అవ్వ దగ్గర విడిచి అట్లాగే పోయినారు. ఉగాదికి అమ్మ వచ్చినప్పుడు నేను అవ్వ కొంగు వెనక దాక్కున్నాను. "ఏమిరా, నన్ను మర్సిపోతివా?" అని నవ్వింది.

ఈమధ్య ఆ అయిదు మాటలు నాకు నేనే రాసుకున్నాను. "ప్రేమ" అని రాస్తే సంగతి దొరకలేదు. "దూరం" అంటే ఆ ఉగాది గుర్తుకొచ్చింది. ఇది కొలత కాదనుకోండి. అందుకు శిక్షణ పొందినవారు మన మాటలు పొల్లుపోకుండా రాసుకుని పరిశీలించాలి. అయితే ఒక మాట ధైర్యమిచ్చింది. కష్టపు బాల్యాన్ని దాచకుండా, తడబడకుండా చెప్పుకోగలిగినవారిని కూడా నిబ్బరమైన మనసుగల వారిలోనే చేరుస్తారట.

వెళ్లి అమ్మనే అడిగాను. "ఆ రాత్రి నువ్వు నిద్రపోయినాక నా పక్కలో పండబెట్టుకొంటి. తెల్లారి మళ్లా అవ్వ దగ్గరికే పోతివి" అన్నది.

"ప్రేమ" కింద ఆ సంగతి రాసుకున్నాను. "దూరం" కొట్టివేయలేదు. రెండూ నిజమే గదా!